కాశిబుగ్గ దాటితే ఏ జిల్లా?

వరంగల్ కాశిబుగ్గ నుంచి నర్సంపేట దారి పట్టినవాళ్లకు నగరం ఎక్కడ అయిపోయిందో, పల్లె ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. దుకాణాలు, మిల్లులు, ఫంక్షన్ హాళ్లు, మళ్లీ దుకాణాలు. గొర్రెకుంట వస్తుంది, ధర్మారం వస్తుంది. ఒక పక్క అపార్టుమెంటు లేస్తుంటే ఇంకో పక్క మొక్కజొన్న చేను. 'ఇది ఊరా, సిటీయా?' అని అడిగితే ఎవరిని అడిగామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఇంటిపన్ను వసూలుకొచ్చిన మనిషి ఒకటి చెబుతాడు. తహసీల్దారు ఆఫీసులో ఇంకొకటి చెబుతారు. పొద్దున్నే పట్నంలో పాలు పోసి వెనక్కి పోతున్న రైతు నవ్వి ఊరుకుంటాడు.

ఆఫీసులు గీసిన పటం కంటే ముందు ఇక్కడ నీళ్లు గీసిన పటం ఒకటుంది. ఊళ్ల పేర్లు వింటే తెలిసిపోతుంది. కాశిబుగ్గలో బుగ్గ అంటే ఊట. గొర్రెకుంటలో కుంట ఉంది. మొగిలిచెర్లలో చెరువుంది. గీసుగొండలో కొండ ఉంది. ఎక్కడ నీళ్లు నిలిస్తే అక్కడ మనుషులు నిలిచారు. చెరువు కట్ట పక్కన మిట్ట మీద ఇళ్లు, కట్ట కింద తరి, పైన ఖుష్కి, ఆపైన బంచరాయి... తెలంగాణలో సగం ఊళ్లకు ఇదే నక్ష. పట్వారీ దస్త్రాల్లో ఉన్న ఈ మాటలు ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చుగానీ, ఇంట్లో పెద్దవాళ్లనడిగితే చేను చేనుకూ తేడా చెబుతారు.

ఇంకో విశేషం చూడండి. వరంగల్ చుట్టుపక్కల నేల రెండు మహానదుల మధ్య పంపకం చేసే మిట్ట. శాయంపేట వైపు కురిసిన వాన చలివాగులో పడి, మానేరులో కలిసి గోదావరికి పోతుంది. వర్ధన్నపేట మీదుగా సాగే ఆకేరు మున్నేరులో కలిసి కృష్ణకు చేరుతుంది. తూర్పున ఖానాపురం మండలంలోని పాకాల చెరువు నీళ్లదీ కృష్ణ దారే. ఆ చెరువు కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టింది. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఇంకా పొలాలు పారిస్తోంది. అంటే బస్సులో గంట ప్రయాణం చేయకుండానే మీరు గోదావరి నేల నుంచి కృష్ణ నేలకు వచ్చేయొచ్చు. మధ్యలో బోర్డేమీ ఉండదు.

బోర్డులున్నదల్లా మనుషులు గీసిన గీతలకే. ఆ గీతలు మాత్రం తెగ మారాయి.

గీసుగొండలో 1980లో పుట్టిన ఒక మనిషిని ఊహించుకోండి. అతను పుట్టినప్పుడు పాలన తాలూకాది. ఊళ్లో పెత్తనం పటేలు, పట్వారీలది. అతనికి నాలుగేళ్లు రాకముందే, 1984 జనవరిలో, ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. 1985లో తాలూకాలు, సమితులు పోయి మండలాలొచ్చాయి. ఇతని ఊరే మండల కేంద్రమైంది. 2014లో రాష్ట్రం మారింది. 2016 అక్టోబరు 11న, సరిగ్గా దసరా నాడు, జిల్లా మారింది. వరంగల్ గ్రామీణ జిల్లా అన్నారు. 2021 ఆగస్టులో మళ్లీ పేరు మార్చి వరంగల్ జిల్లా అన్నారు. ఇల్లు మారలేదు, వాకిట్లో వేపచెట్టు మారలేదు. ఆధార్ కార్డు, పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, పిల్లల బోనఫైడ్ మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు.

మండలం అనే ఆలోచన మంచిదే. అంతకుముందు తాలూకా ఆఫీసుకు పోవాలంటే దూరపు ఊరివాళ్లు సద్ది కట్టుకుని ఒక రోజు కూలి పోగొట్టుకోవాల్సి వచ్చేది. నలభై, యాభై వేల జనానికి ఒక కేంద్రం ఉంటే పొద్దున పోయి మధ్యాహ్నానికి రావచ్చన్నది లెక్క. ఉమ్మడి రాష్ట్రంలో పదకొండు వందలకు పైగా మండలాలు ఏర్పడ్డాయి. జనం తాలూకాను ఎంత తొందరగా మరిచిపోయారంటే, ఇవాళ ఆ మాట ఎక్కువగా పాత దస్తావేజుల్లోనే కనిపిస్తుంది. గీత సరైన చోట గీస్తే జనం దాన్ని సొంతం చేసుకుంటారనడానికి మండలాన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

గ్రామీణ జిల్లా సంగతి అలా కాదు. 2016లో పది జిల్లాల తెలంగాణ ముప్ఫై ఒక్క జిల్లాలైంది. పాత వరంగల్ అయిదు ముక్కలైంది. అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. (2019లో ములుగు, నారాయణపేట కలిసి జిల్లాలు ముప్ఫై మూడయ్యాయి.) రూరల్‌కు పదిహేను మండలాలిచ్చారు. ఆత్మకూరు, దామెర, పరకాల, శాయంపేట, గీసుగొండ, సంగెం, పర్వతగిరి, వర్ధన్నపేట, రాయపర్తి, నర్సంపేట, చెన్నారావుపేట, దుగ్గొండి, ఖానాపురం, నల్లబెల్లి, నెక్కొండ. ఏడు లక్షల పైచిలుకు జనం. వాళ్లలో పట్టణవాసులు పదింట ఒక వంతు కూడా లేరు. పేరుకు తగ్గ జిల్లాయే. అయితే ఆ జిల్లా కలెక్టర్ కూర్చునేది ఎక్కడ? నగరంలో. అంటే పక్క జిల్లాలో! పర్వతగిరి రైతు తన జిల్లా కలెక్టర్‌కు అర్జీ ఇవ్వాలంటే తన జిల్లా దాటి పోవాలి.

ఇది మన దగ్గరే జరిగిన వింత అనుకోకండి. పోలండ్‌లో ఇది మామూలు. ఆ దేశంలో పాలనకు పునాది 'గ్మినా'. మన మండలానికి, పంచాయతీకి మధ్యస్తంగా ఉంటుంది. దాదాపు రెండున్నర వేల గ్మినాలున్నాయి. కొన్ని పట్టణానివి, కొన్ని పల్లెలవి, కొన్ని రెండూ కలిసినవి. పల్లెల గ్మినా చాలాచోట్ల ఒక పట్టణం చుట్టూ వలయంలా ఉంటుంది. మధ్యలోని పట్టణం అందులోది కాదు, దానికి వేరే గ్మినా ఉంటుంది. కానీ పల్లెల గ్మినా ఆఫీసు ఉండేది మాత్రం ఆ పట్టణంలోనే. అలాంటి వాటికి అక్కడివాళ్లు ముద్దుగా 'ఒబ్వజానెక్' అని పేరు పెట్టుకున్నారు. క్రాకోవ్ నగరంలో వీధుల్లో అమ్మే, నడుమ చిల్లున్న గుండ్రటి రొట్టె పేరది. మనమైతే 'గారె జిల్లా' అనేవాళ్లం. వరంగల్ గ్రామీణ జిల్లా నగరానికి ఉత్తరం, తూర్పు, దక్షిణం వైపుల నుంచి చుట్టుకుని ఉండేది. పడమర వైపు లేదు కాబట్టి ఓ పక్క కొరికిన గారె అనుకుందాం.

పోలండ్‌తో మనకు ఇంకో పోలిక ఉంది. ఆ దేశ జనాభా, తెలంగాణ జనాభా దాదాపు సమానం. రెండూ మూడున్నర కోట్లకు అటూ ఇటూ. వాళ్లు 1999లో నలభై తొమ్మిది పెద్ద విభాగాలను పదహారుకు కుదించారు. దాని కింద, 1975లో రద్దు చేసిన జిల్లా వ్యవస్థను మళ్లీ తెచ్చుకున్నారు. అక్కడ పైది తగ్గించి మధ్యది నిలబెట్టారు. మనం జిల్లాలను మూడింతలు చేసి, మండలాలను 459 నుంచి 584 చేశాం. ఏది మేలన్న వాదనలోకి నేను పోను. వాళ్ల గ్మినా తన పన్నుల్లోంచి బడి నడుపుతుంది, రోడ్డు వేసుకుంటుంది. మన మండలానికి సొంత పన్ను లేదు. జిల్లా దగ్గరైనా డబ్బు దగ్గర కాలేదన్నది నా అభిప్రాయం.

సరే, మళ్లీ మన దారికి వద్దాం. అదే నర్సంపేట దారిలో గీసుగొండ మండలంలోనే గంగదేవిపల్లి ఉంది. పేరు విననివాళ్లు తక్కువ. ఒకప్పుడు అది మచ్చాపూర్‌కు శివారు పల్లె. శివారు అంటే ఏమిటో పల్లెవాళ్లకు చెప్పనక్కర్లేదు. బోరు పడితే ముందు పెద్ద ఊళ్లో పడుతుంది, వీధిదీపం వెలిగితే ముందు పెద్ద ఊళ్లో వెలుగుతుంది. 1990ల నడుమ గంగదేవిపల్లి వేరే పంచాయతీ అయ్యింది. బాలవికాస సంస్థ తోడ్పాటుతో మంచినీళ్ల ట్యాంకు కట్టుకున్నారు. నీళ్లకు ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒకటి, పొదుపుకు ఒకటి, ఇలా పనికో కమిటీ పెట్టుకున్నారు. నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. 2015 ఆగస్టులో 'గ్రామజ్యోతి' కార్యక్రమాన్ని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇక్కడే మొదలుపెట్టారు. దేశం నలుమూలల నుంచి బస్సుల్లో వచ్చి చూసిపోయారు.

చూసిపోయినవాళ్లంతా ఆ ఊరి జనం క్రమశిక్షణను మెచ్చుకున్నారు. నిజమే, 1982లోనే సారాను ఊళ్లోకి రానీయకుండా కట్టుబాటు చేసుకున్న జనం వాళ్లు. అప్పటికి పంచాయతీ లేదు. కట్టుబాటు ముందే ఉంది. తమ నీళ్లకు తాము లెక్క రాసుకునే హక్కు మాత్రం పంచాయతీ వచ్చాకే దొరికింది. ఇదే జనం ఇంకో ఇరవై ఏళ్లు మచ్చాపూర్ శివారుగా ఉండి ఉంటే బస్సులు ఆగేవా? నాకైతే అనుమానమే.

ఆత్మకూరు మండలంలో అక్కంపేట ఉంది. తెలంగాణ సిద్ధాంతకర్త ప్రొఫెసర్ జయశంకర్ 1934లో పుట్టిన ఊరు. రాష్ట్రం రావాలని జీవితమంతా రాసిన, చెప్పిన మనిషి ఊరు, రాష్ట్రం వచ్చాక కూడా ఏళ్ల తరబడి రెవెన్యూ గ్రామం కాలేదు. ఊరుంది, బడి ఉంది, జనం ఉన్నారు. భూముల లెక్క మాత్రం పక్క ఊరి పేరు మీద. 2022లో ఇది రాజకీయ సభల్లో మాటల యుద్ధానికి కూడా దారితీసింది. పట్టా కాగితంలో ఊరి పేరు లేకపోతే ఏం పోయిందని పట్నంలో ఉన్నవాళ్లకు అనిపించొచ్చు. అప్పు కోసం బ్యాంకుకు పోయి, 'ఇది మీ ఊరు కాదు కదా' అనిపించుకున్నవాడికి తెలుస్తుంది ఏం పోయిందో.

ఇక తండాలు. ఖానాపురం, నల్లబెల్లి, నెక్కొండ, పర్వతగిరి వైపు లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. చెరువు చుట్టూ గుంపుగా కట్టుకున్న ఊళ్లలా కాక, అవి చేలకు దగ్గరగా విడివిడిగా ఉంటాయి. 'మా తండాలో మా రాజ్యం' అన్నది వాళ్ల దశాబ్దాల కోరిక. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చి, అయిదు వందల జనాభా ఉన్న తండాలు, గూడేలను పంచాయతీలు చేశారు. రాష్ట్రం మొత్తమ్మీద నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు పుట్టి, లెక్క పన్నెండు వేల ఏడు వందలు దాటింది. చాలా తండాల్లో సర్పంచి అనే మాట తమ మనిషిని చూస్తూ అనడం అదే మొదలు. భవనం లేక చెట్టు కింద, బడి వరండాలో సభలు పెట్టుకున్నవీ ఉన్నాయి. నిధులు చాలవన్న గొడవ నిజమే. కానీ రేషన్ కార్డు సంతకానికి మూడు మైళ్లు నడిచి పెద్ద ఊరి గుమ్మంలో నిలబడటం తప్పిందన్నదీ అంతే నిజం.

ఒక పక్క ఇలా పల్లెలకు కొత్తగా పేరొస్తుంటే, నగరానికి ఆనుకున్న పల్లెలకు ఉన్న పేరు పోయింది. 2013లో వరంగల్ కార్పొరేషన్‌లో చుట్టుపక్కల 42 గ్రామాలను కలిపారు. గొర్రెకుంట, ధర్మారం, మొగిలిచెర్ల అందులోవే. 2015లో అది గ్రేటర్ వరంగల్ అయ్యింది. మొగిలిచెర్లలో కాకతీయుల నాటి ఏకవీరాదేవి గుడి ఉంది. ఓరుగల్లు వైభవంగా ఉన్న రోజుల్లో కూడా అది కోటకు బయటి ఊరే. ఏడెనిమిది వందల ఏళ్ల తర్వాత నగరం దాన్ని కలిపేసుకుంది.

కలిస్తే ఏమొచ్చింది, ఏం పోయింది? భూమి ధర పెరిగింది. గుంటల్లో అమ్ముకునే భూమి గజాల్లోకి వచ్చింది. అమ్మడానికి భూమి ఉన్నవాడికి ఇది లాభం. లేనివాడి మాటేమిటి? ఉపాధి హామీ పథకం 2006లో మొదలైన మొదటి విడత జిల్లాల్లో వరంగల్ కూడా ఉంది. అది పంచాయతీలకే వర్తించే పథకం. ఊరు కార్పొరేషన్‌లో కలవగానే, మొన్నటిదాకా చెరువు పూడిక తీసి కూలి తీసుకున్న ఆడవాళ్లకు ఆ పని పోయింది. చేతిలో తట్ట, పార అలాగే ఉన్నాయి, చెరువులో పూడిక కూడా అలాగే ఉంది. సర్పంచి పదవి పోయి, అయిదారు వాడలకు కలిపి ఒక కార్పొరేటర్ వచ్చాడు. 2021 ఎన్నికల నాటికి గ్రేటర్ డివిజన్లు అరవై ఆరు. ఊరి మధ్య రచ్చకట్ట దగ్గర తేలిపోయే గొడవ ఇప్పుడు సర్కిల్ ఆఫీసు దాకా పోవాలి. ఇల్లు కట్టుకోవాలంటే ప్లాను, అనుమతి, ఫీజు. రోడ్లు బాగుపడ్డ వాడలు లేకపోలేదు, కాదనను. అయితే గ్రామసభలో చెయ్యెత్తి అడిగే అవకాశం పోయిన సంగతి ఎవరూ పెద్దగా లెక్కలో వేయలేదు.

ఇదే మండలంలో మరో మార్పు మొదలైంది. శాయంపేట హవేలి, దాని పక్కనే సంగెం మండలంలోని చింతలపల్లి. ఈ రెండూళ్ల భూముల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. పన్నెండు వందల ఎకరాల పైమాటే. 2023లో కేంద్రం పీఎం మిత్ర పథకం కింద దేశంలో ఎంచిన ఏడు పార్కుల్లో ఇదొకటి. పత్తి పండే చోటే నూలు, బట్ట తయారు కావాలన్నది ఆలోచన. వరంగల్‌కు ఇది కొత్త కాదు. నిజాం కాలంలో 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లు వందలాది కుటుంబాలకు అన్నం పెట్టి, తర్వాత మూతపడింది. ఆ సైరన్ విని పొద్దు లెక్కపెట్టుకున్నవాళ్లు కాశిబుగ్గ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. పార్కులో తమ పిల్లలకు పని దొరుకుతుందన్న ఆశతోనే రెండూళ్ల వాళ్లూ ఎదురుచూశారు.

ఈ 'హవేలి' అన్న తోక గురించి రెండు మాటలు. శాయంపేట హవేలి, ఎల్కుర్తి హవేలి అని రెవెన్యూ దస్త్రాల్లో కనిపిస్తుంది. భవంతి అనుకుని వెతికితే ఏమీ దొరకదు. పాత పాలనలో ముఖ్యపట్టణానికి దగ్గరగా ఉండి, జాగీరుదారుల చేతికి పోకుండా నేరుగా సర్కారు ఖజానాకు శిస్తు కట్టే భూములను హవేలి అనేవారు. అంటే ఎవరి పటంలో ఎవరి భూమి అన్న పేచీ ఇప్పటిది కాదు. పరకాల వైపు ఇంకో శాయంపేట, అదీ మండల కేంద్రమే, ఉంది కనుక ఈ తోక నేటికీ పనికొస్తోంది. తెలియనివాళ్లు ఒక శాయంపేటకు బయల్దేరి ఇంకో శాయంపేటలో దిగడం ఇక్కడ మామూలే.

2021 మార్పు దగ్గరికొస్తే, ఆ ఏడు అర్బన్ జిల్లా హనుమకొండ అయ్యింది, రూరల్ జిల్లా వరంగల్ అయ్యింది. పరకాల, నడికూడ, దామెర, ఆత్మకూరు, శాయంపేట హనుమకొండకు పోయాయి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు ఇటొచ్చాయి. ఇప్పుడు వరంగల్ జిల్లాలో 13 మండలాలు. దాంతో కాశిబుగ్గ, గీసుగొండ మళ్లీ ఒకే జిల్లాలోకి వచ్చాయి. ఓరుగల్లు కోట, పాకాల చెరువు ఒకే జిల్లాలోకి వచ్చాయి. గారె నడుమ చిల్లు పూడిందన్నమాట. నన్నడిగితే ఈ గీత పాత గీత కన్నా నయం. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తోలుకొచ్చే దుగ్గొండి, నల్లబెల్లి రైతులకు నగరం పరాయి జిల్లా అనడంలో అర్థం ఎప్పుడూ లేదు. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కిన వరంగల్ చపాటా మిర్చి పండేది ఆ పల్లెల్లోనే, పేరు మాత్రం వరంగల్‌ది. మార్కెట్ ఎప్పుడో కలిపిన వాటిని ఆఫీసు అయిదేళ్లు విడదీసింది, అంతే.

అయితే ఆ అయిదేళ్ల విడదీత పిల్లల చదువుల మీద, కొలువుల మీద మచ్చ వదిలిపోయింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా స్థాయి ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికులు. ఆత్మకూరులో నాలుగేళ్లు, గీసుగొండలో మూడేళ్లు చదివిన అమ్మాయి ఇప్పుడు ఏ జిల్లా? 2021 డిసెంబరులో 317 జీవో వచ్చి ఉపాధ్యాయులను, ఉద్యోగులను కొత్త జిల్లాల వారీగా పంచినప్పుడు, భార్య ఒక జిల్లాలో, భర్త ఒక జిల్లాలో పడ్డామని ధర్నాలు చేసిన సంగతి మనకు గుర్తే. బడులన్నీ ఉన్నచోటే ఉన్నాయి, పంతుళ్లే కదిలారు.

ఇక రాబోయేది జనాభా లెక్క. 2011 తర్వాత మళ్లీ ఇప్పటిదే. 2027 జనగణన కోసం జిల్లాలు, మండలాలు, ఊళ్ల సరిహద్దులను 2025 డిసెంబరు 31తో స్థిరపరచాలని కేంద్రం ముందే చెప్పింది. గ్రామాల లెక్క తీసేది రెవెన్యూ గ్రామం వారీగా. 2018లో పంచాయతీలైన తండాలు 2011 లెక్కలో తమ పేరుతో లేవు. పెద్ద ఊరి అంకెలో కలిసిపోయి ఉన్నాయి. అంగన్‌వాడీ కావాలన్నా, బడి కావాలన్నా ముందు అడిగేది 'మీ జనాభా ఎంత?' అని. గణకులు ఇంటికొచ్చినప్పుడు ఊరి పేరు దగ్గర ఏం రాస్తున్నారో ఒకసారి తొంగి చూడండి. శివారు పల్లెల్లో, తండాల్లో ఉన్న మీ చుట్టాలకు కూడా ఈ మాట చెప్పండి.